జడ్జి గారి ఖాళీ టైమ్ లెక్క.. 380 ఏళ్ల తర్వాత ప్రింటర్లను వణికించింది! అసలు ఎవరీ ఫెర్మా?

100895598169.. ఈ నంబర్‌ను ఒకసారి చూడండి. మొత్తం 12 అంకెలు. ఇది దేనితోనూ తెగని ప్రధాన సంఖ్యా? లేక రెండు నంబర్లను గుణిస్తే వచ్చిందా? క్యాలిక్యులేటర్ లేదు, కంప్యూటర్ లేదు. కాగితం, ఈక పెన్ను మాత్రమే ఉన్నాయి. పైగా ఇలాంటి నంబర్ ఏదిచ్చినా ఒక్క రోజులో తేల్చేసే పద్ధతి కూడా చెప్పాలి.

1643లో పారిస్ నుంచి టూలూజ్ నగరానికి ఉత్తరంలో వెళ్లిన ప్రశ్న ఇది. అడిగింది మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి. జవాబిచ్చింది లెక్కల మాస్టారు కాదు, యూనివర్సిటీ ప్రొఫెసర్ అంతకన్నా కాదు. కోర్టులో కేసులు వినే ఒక జడ్జి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆయన రాసిన జవాబు సింపుల్‌గా ఉంది. ఈ నంబర్ 898423ను 112303తో గుణిస్తే వస్తుంది, ఆ రెండూ ప్రధాన సంఖ్యలే అని తేల్చేశారు. ఎలా పట్టుకున్నారో మాత్రం అందులో విప్పి చెప్పలేదు.

ఆయనే పియెర్ ద ఫెర్మా. గణితంలో ఆయన పేరు వినగానే అందరికీ ఫెర్మా చివరి సిద్ధాంతమే గుర్తొస్తుంది. 350 ఏళ్లకు పైగా ప్రపంచాన్ని ఏడిపించిన ఆ ప్రశ్న గురించి సినిమాల్లో, సీరియళ్లలో కూడా ప్రస్తావన వచ్చింది. కానీ మన ఫోన్లకు, బ్యాంకు లావాదేవీలకు దగ్గరి చుట్టం అది కాదు. ఒక పెద్ద నంబర్‌ను దాని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడంపై ఆయన చేసిన పనే అసలు చుట్టం.

తోలు వ్యాపారి కొడుకు

ఫ్రాన్స్‌కు నైరుతి దిక్కున బోమోన్ ద లొమాన్య్ అనే చిన్న ఊరు. తండ్రి దొమినిక్ ఫెర్మా బాగా డబ్బున్న తోలు వ్యాపారి, ఊరి పాలనలోనూ పెద్ద మనిషి. పుట్టిన ఏడాది విషయంలో చాలాకాలం గందరగోళం నడిచింది. 1601 అని పాత పుస్తకాలన్నీ రాశాయి. అయితే సమాధి ఫలకంపై 57 ఏళ్లకు చనిపోయినట్టు ఉంది. ఆ లెక్కన పుట్టింది 1607లో అయ్యుండాలి. 1601 నాటి చర్చి రికార్డులో ఉన్న పియెర్, తండ్రి మొదటి భార్యకు పుట్టి చిన్నతనంలోనే పోయిన అన్న అయ్యుంటాడని ఇప్పుడు పరిశోధకులు భావిస్తున్నారు. లెక్కల మేధావి పుట్టిన తేదీకే లెక్క కుదరకపోవడం విచిత్రమే!

ఒర్లియాన్‌లో లా చదివారు. ఆ తర్వాత బోర్డోలో కొంతకాలం ఉన్నారు. అక్కడే లెక్కల పిచ్చి పట్టుకుంది. పాత గ్రీకు గణిత పుస్తకాల్లో పోయిన భాగాలను, మిగిలిన ఆనవాళ్లను బట్టి తిరిగి రాయడం అప్పట్లో పండితుల సరదా. ఫెర్మా కూడా అలాగే మొదలుపెట్టారు. ఫ్రెంచ్, లాటిన్, గ్రీకు, ఇటాలియన్, స్పానిష్, తన ప్రాంతపు ఆక్సిటాన్ భాష.. ఆరు భాషలు వచ్చు.

1631లో టూలూజ్ పార్లమెంట్‌లో కౌన్సిలర్ పదవి చేపట్టారు. పార్లమెంట్ అంటే మనలా ఎంపీలు కూర్చునేది కాదు. అప్పటి ఫ్రాన్స్‌లో అది హైకోర్టు లాంటిది. ఇంకో సంగతి.. ఆ పదవులను డబ్బిచ్చి కొనుక్కునేవారు. ఇది చట్టబద్ధంగా, బాహాటంగానే జరిగేది. పదవితో పాటు పేరులో గౌరవ సూచకంగా ‘ద’ కూడా చేరింది. తోలు వ్యాపారి కొడుకు ఫెర్మా కాస్తా పియెర్ ద ఫెర్మా అయ్యారు. అదే ఏడాది తల్లి తరఫు దూరపు బంధువు లూయీజ్ ద లాంగ్‌తో పెళ్లి జరిగింది. ఎనిమిది మంది పిల్లలు పుడితే ఐదుగురే పెద్దవాళ్లయ్యారు.

ఆ తర్వాత 34 ఏళ్లు ఆయన జీవితం బయటికి చాలా మామూలుగా కనిపిస్తుంది. కోర్టు, తీర్పులు, ఫైళ్లు, ఇల్లు. దేశాలు తిరగలేదు. తన గణితంపై సొంత పేరుతో పెద్ద పుస్తకం ఒక్కటీ అచ్చేయలేదు. చేసిందల్లా ఉత్తరాలు రాయడమే.

ఆ రోజుల్లో గ్రూప్ అడ్మిన్.. ఒక సన్యాసి

అప్పట్లో సైన్స్ పత్రికలు లేవు. ఎవరు ఏం కనిపెట్టినా ఉత్తరాల్లోనే తెలిసేది. పారిస్‌లోని మఠంలో ఉండే మెర్సెన్ ఈ ఉత్తరాలన్నిటికీ కేంద్రం. ఒకరి దగ్గర వచ్చిన లెక్కను ఇంకొకరికి పంపి, వాళ్ల జవాబును మళ్లీ వీళ్లకు చేర్చేవారు. ఒకరకంగా యూరప్ గణిత మేధావుల గ్రూప్‌కు ఆయనే అడ్మిన్. టూలూజ్‌లో ఫెర్మాతో పాటు పనిచేసిన కర్కావి 1636లో పారిస్ వెళ్లి, తన స్నేహితుడి గురించి మెర్సెన్‌కు చెప్పారు. అక్కడ మొదలైంది.

ఫెర్మా ఉత్తరాల తీరు మాత్రం చాలామందికి మండించేది. లెక్క తనకు తెలుసని చెబుతారు, ఎలా చేయాలో చెప్పరు. చేతనైతే మీరు చేయండని సవాల్ విసురుతారు. ఫిలాసఫర్ దెకార్త్‌తో 1637, 38 ప్రాంతంలో పెద్ద గొడవే నడిచింది. ఫెర్మా చెప్పిన పద్ధతి తప్పని దెకార్త్ వాదించి, చివరికి సరైనదేనని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆయన దగ్గర ఎప్పుడూ ఉండే పుస్తకం ఒకటుంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త డయోఫాంటస్ రాసిన అరిథ్మెటికా. దాన్ని 1621లో బాషే అనే పండితుడు గ్రీకు, లాటిన్ రెండింటిలో అచ్చేశారు. ఆ పుస్తకం మార్జిన్లలో ఫెర్మా తనకు తోచినవన్నీ రాసుకునేవారు. ప్రపంచాన్ని ఏడిపించిన ఆ చివరి సిద్ధాంతం కూడా అలా మార్జిన్‌లో రాసుకున్నదే.

ఇంతకీ నంబర్‌ను ఎలా విడగొట్టారు?

స్కూల్లో క.సా.గు, గ.సా.భా లెక్కలు చేసిన ప్రతి ఒక్కరికీ ఈ పని తెలుసు. 60 ఇస్తే 2, 2, 3, 5 అని విడగొడతాం. 2తో తెగుతుందా, 3తో తెగుతుందా, 5తో తెగుతుందా అని వరసగా చూస్తూ పోవడమే. చిన్న నంబర్లకు ఓకే. కానీ 12 అంకెల నంబర్ ఇస్తే? మెర్సెన్ పంపిన నంబర్‌కు ఇలా వరసగా వెళ్తే 112303 దగ్గరికి చేరేలోపు పది వేలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగహారాలు చేయాలి. రోజుకు వంద చేసినా మూడు నెలలు దాటుతుంది.

ఫెర్మా దారి వేరు. తెగుతుందా అని చూడటం మానేసి, ఆ నంబర్‌ను రెండు వర్గాల తేడాగా మార్చొచ్చా అని చూశారు. ఉదాహరణకు 2021 తీసుకుందాం. ఎక్కాల్లో ఎక్కడా తగలని మొండి నంబర్ ఇది. దీనికి 4 కలిపితే 2025. అంటే 45 ఇంటూ 45. ఆ 4 ఏమో 2 ఇంటూ 2. కాబట్టి 2021 అంటే 45 వర్గంలోంచి 2 వర్గం తీసేసినట్టు. ఇక పని అయిపోయినట్టే. 45లోంచి 2 తీస్తే 43, కలిపితే 47. రెండూ గుణించి చూడండి.. కరెక్ట్‌గా 2021 వస్తుంది. ఒక్క భాగహారం కూడా చేయలేదు.

ఇదే పద్ధతిని వివరించడానికి ఫెర్మా తీసుకున్న నంబర్ 2027651281. దీని వర్గమూలం 45029 కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి 45030తో మొదలుపెట్టారు. దాన్ని వర్గం చేసి అసలు నంబర్ తీసేస్తే 49619 మిగిలింది. అది ఏ నంబర్‌కూ వర్గం కాదు. 45031 చూశారు, కాదు. 45032, కాదు. ఇలా వెళ్తూ 45041 దగ్గరికి వచ్చేసరికి 1040400 మిగిలింది. అది సరిగ్గా 1020కి వర్గం. అంతే, కారణాంకాలు 44021, 46061. మొత్తం 12 ప్రయత్నాలు. మామూలు దారిలో అయితే నాలుగు వేలకు పైగా భాగహారాలు చేయాల్సి వచ్చేది!

అయితే దీనికి ఒక షరతు ఉంది. రెండు కారణాంకాలూ దగ్గరదగ్గరగా ఉంటేనే పని తొందరగా అవుతుంది. దూరంగా ఉంటే మామూలు పద్ధతి కన్నా ఘోరం. ఈ షరతును గుర్తుపెట్టుకోండి, ప్రింటర్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మరి మెర్సెన్ నంబర్ సంగతేంటి? 898423, 112303 అస్సలు దగ్గరగా లేవు కదా. కానీ జాగ్రత్తగా చూస్తే ఒక గమ్మత్తుంది. 112303ను 8తో గుణిస్తే 898424 వస్తుంది. అంటే రెండో నంబర్‌కు సరిగ్గా ఒక్కటి ఎక్కువ. కాబట్టి మెర్సెన్ ఇచ్చిన నంబర్ మొత్తాన్ని ముందే 8తో గుణించేస్తే, అది పక్కపక్కన ఉన్న రెండు నంబర్ల గుణకారం అయిపోతుంది. దాన్ని విడగొట్టడం చిటికెలో పని. నంబర్ల లోపలి చుట్టరికాలు తెలిసినవాళ్లకు అది కనబడుతుంది, మిగతావాళ్లకు 12 అంకెల గోడ మాత్రమే కనబడుతుంది.

ఇంకొంచెం ముందు, 1640లో ఇలాంటిదే మరొకటి జరిగింది. పారిస్‌లో ఫ్రెనికిల్ అనే లెక్కల మనిషి, 20 అంకెలు దాటిన పరిపూర్ణ సంఖ్య ఒకటి చూపించమని సవాల్ చేశారు. పరిపూర్ణ సంఖ్య అంటే తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కలిపితే మళ్లీ తానే వచ్చేది. 6 అలాంటిదే. 1, 2, 3 కలిపితే 6. ఫ్రెనికిల్ ప్రశ్నకు జవాబు ఒక నంబర్ మీద ఆధారపడింది. 2ను 37 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే 137438953471. అది ప్రధాన సంఖ్య అయితే సవాల్ నెగ్గినట్టు. కాకపోతే లేదు.

మామూలుగా తేల్చాలంటే 30 వేలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఫెర్మా దీనికి ఒక నియమం పట్టుకున్నారు. ఆ నంబర్‌ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 74తో భాగిస్తే 1 మిగిలి తీరాలి. అంటే చూడాల్సినవి 75, 149, 223.. ఇలా మాత్రమే. 75 ప్రధాన సంఖ్యే కాదు. 149 కుదరలేదు. 223తో తెగిపోయింది! 30 వేల భాగహారాలు కాస్తా రెండు భాగహారాలు అయ్యాయి.

ఈ నియమం వెనక ఉన్నదే ఇప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం అని పిలుస్తున్నది. పేరు చిన్నదే గానీ పని పెద్దది. ఏదైనా ప్రధాన సంఖ్య తీసుకోండి, ఉదాహరణకు 7. 2ను 7 సార్లు గుణిస్తే 128. అందులోంచి 2 తీస్తే 126. అది 7తో శేషం లేకుండా తెగుతుంది. ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాగే జరుగుతుంది. 9తో చేసి చూస్తే 510 వస్తుంది, 6 మిగిలిపోతుంది. కాబట్టి 9 ప్రధాన సంఖ్య కాదు. కారణాంకాలు వెతక్కుండానే, నంబర్ ఫేకో కాదో తేల్చే టెస్ట్ అన్నమాట. కొన్ని నంబర్లు ఈ టెస్టును కూడా మోసం చేస్తాయి. వాటిలో ఒకటి మనందరికీ తెలిసినదే.. శ్రీనివాస రామానుజన్ ట్యాక్సీ నంబర్ 1729! నిజానికి అది 7, 13, 19ల గుణకారం. కానీ ఫెర్మా టెస్టులో ప్రధాన సంఖ్యలాగే నటించి పాసైపోతుంది.

ఐదు భాగహారాలు చేసి ఉంటే..

ఇంత తెలివైన మనిషి ఒకచోట దెబ్బతిన్నారు. అది కూడా తనకు బాగా ఇష్టమైన చోట.

3, 5, 17, 257, 65537. ఈ వరసలో ప్రతి నంబర్‌లోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, మళ్లీ ఒకటి కలిపితే తర్వాతి నంబర్ వస్తుంది. ఐదూ ప్రధాన సంఖ్యలే. దీంతో ఈ వరసలో ఎంత దూరం వెళ్లినా అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫెర్మా నమ్మారు. 1640లో ఫ్రెనికిల్‌కు రాశారు. రుజువు దొరకలేదని కూడా నిజాయతీగా ఒప్పుకున్నారు. 1654లో పాస్కల్‌కు రాసినప్పుడూ ఇదే మాట. ఏళ్ల తరబడి ఆ నమ్మకం వదల్లేదు.

65537 తర్వాత వచ్చే నంబర్ 4294967297. ఫెర్మా పోయిన చాలా ఏళ్లకు, 1729 చివర్లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఈ సంగతి యువ ఆయిలర్ చెవిన వేశారు. 1732లో ఆయిలర్ బాంబు పేల్చారు. 4294967297ను 641తో భాగిస్తే 6700417 వస్తుంది, శేషం సున్నా. ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది.

ఇందులో అసలు ట్విస్ట్ ఏంటంటే, ఆయిలర్ వాడిన ఆయుధం ఫెర్మాదే. ఫెర్మా సొంత సిద్ధాంతాన్ని ఇక్కడ పెడితే, ఈ నంబర్‌ను భాగించే ప్రధాన సంఖ్యను 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది. ఏ ఏడాదైతే 223ను రెండో ప్రయత్నంలో పట్టుకున్నారో, అదే 1640లో ఈ నంబర్ కూడా ఆయన కళ్ల ముందుంది. ఐదు భాగహారాలు.. ఒక మధ్యాహ్నం పని కూడా కాదు.

దీన్ని పట్టుకుని ఫెర్మాను తక్కువ చేసేవాళ్లున్నారు. అది అన్యాయమే. ఆ వరస తప్పయినా వృథా కాలేదు. 1796లో ఇంకా 19 ఏళ్లు నిండని గౌస్, 17 భుజాల బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని నిరూపించారు. ఆ 17 ఫెర్మా వరసలోదే. రెండు వేల ఏళ్లుగా ఎవరూ దాటని గీత అది. 65537 సంగతి చివర్లో చూద్దాం.

బతికుండగానే చనిపోయారన్న వార్త

1650ల మొదట్లో టూలూజ్‌ను ప్లేగు కమ్మేసింది. కోర్టులో ఫెర్మా కన్నా పైన ఉన్న సీనియర్లు ఒక్కొక్కరూ పోవడంతో ఖాళీ అయిన కుర్చీల్లోకి ఆయన ఎదిగారు. ప్రమోషన్లు అలా వచ్చిన కాలమది. చివరికి ప్లేగు ఆయన్నూ పట్టుకుంది. పరిస్థితి ఎంత విషమించిందంటే, 1653లో ఒక మిత్రుడు ఫెర్మా ఇక లేరని వేరే దేశంలోని స్నేహితుడికి ఉత్తరం రాసేశారు. తర్వాత కొద్దిరోజులకే ఆయన బతికే ఉన్నారని మళ్లీ సవరణ పంపాల్సి వచ్చింది. సోషల్ మీడియా లేని రోజుల్లోనే సెలబ్రిటీ ఫేక్ డెత్ న్యూస్ ఇది!

ఆ వార్త నిజమై ఉంటే లోకం చాలా నష్టపోయేది. ఎందుకంటే ఆ మరుసటి ఏడాదే, 1654లో, బ్లేజ్ పాస్కల్ నుంచి ఉత్తరం వచ్చింది. పందెం ఆట మధ్యలో ఆగిపోతే డబ్బును ఎవరికెంత పంచాలన్నది ప్రశ్న. ఇద్దరి మధ్య నడిచిన ఆ ఉత్తరాల్లోంచే సంభావ్యత శాస్త్రం పుట్టింది. ఇవాళ ఇన్సూరెన్స్ ప్రీమియం నుంచి ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ దాకా అన్నీ నడిచేది ఆ లెక్కల మీదే.

ఫెర్మాకు మాత్రం పందేల మీద అంత మోజు లేదు. పాస్కల్‌ను సంఖ్యల వైపు లాగాలని చూశారు. పాస్కల్ లొంగలేదు. సంఖ్యల విషయంలో ఫెర్మాకు సరిజోడు దొరక్కపోవడమే ఆయన జీవితంలో పెద్ద వెలితి. ఎవరికి రాసినా మర్యాదగా మెచ్చుకుని పక్కకు తప్పుకునేవారు. 1660లో ఇద్దరి ఆరోగ్యం బాగోలేదు. అయినా సగం దారిలో కలుసుకుందామని ఫెర్మా రాశారు. అంత దూరం ప్రయాణించే ఓపిక లేదని పాస్కల్ జవాబిచ్చారు. ఆ కలయిక జరగనే లేదు.

ఆయన సవాల్.. మన దగ్గర ఎప్పుడో సాల్వ్!

1657లో ఫెర్మా మరో సవాల్ విసిరారు. ఈసారి ఇంగ్లండ్ గణితవేత్తలకు కూడా. ఒక వర్గాన్ని ఫలానా నంబర్‌తో గుణించి 1 కలిపితే మళ్లీ వర్గమే రావాలి. అలాంటివి కనిపెట్టండి. ఫ్రెనికిల్‌కు ప్రత్యేకంగా 61తో చేయమన్నారు. వినడానికి చిన్నదే. కానీ 61కి వచ్చే అతి చిన్న జవాబే 226153980. దాన్ని వర్గం చేసి, 61తో గుణించి, 1 కలిపితే 1766319049 వర్గం వస్తుంది. 60కి అయితే 4తోనే పనైపోతుంది, 61కి మాత్రం ఇంత! ఫెర్మా కావాలనే దాన్ని ఎంచుకున్నారని చూడగానే తెలుస్తుంది.

ఆయనకు తెలియని విషయం ఒకటుంది. సరిగ్గా ఇదే 61 లెక్కను, ఇదే జవాబుతో, 500 ఏళ్ల ముందే 1150లో మన భాస్కరాచార్యుడు తన బీజగణితం గ్రంథంలో చేసి పెట్టారు. ఆ పద్ధతి పేరు చక్రవాళం.

అంతే కాదు. రెండు వర్గాల తేడాగా రాసి కారణాంకాలు పట్టే పద్ధతి కూడా మన దగ్గర ముందే ఉంది. 1356లో నారాయణ పండితుడు రాసిన గణిత కౌముదిలో నంబర్ల భాజకాలకు ఒక అధ్యాయమే కేటాయించారు. అందులో ఈ ఉపాయం కనిపిస్తుంది. దాన్ని బట్టి 1161 తీసుకుంటే, 35 వర్గం 1225. తేడా 64, అంటే 8 వర్గం. కారణాంకాలు 27, 43. ఫెర్మా చేసింది కాపీ అనడానికి మాత్రం లేదు. ఆ గ్రంథాలు ఆయన కాలానికి యూరప్ చేరలేదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో, ఇద్దరు ఒకే తలుపు తట్టారు.

1665 జనవరి 12న కాస్త్ర్ పట్టణంలో ఫెర్మా చనిపోయారు. కోర్టు పని మీదే అక్కడికి వెళ్లారు. చివరి రోజుల దాకా తీర్పుల మీద సంతకాలు పెడుతూనే ఉన్నారు. గణిత లోకానికి ఆయన వదిలింది చెల్లాచెదురుగా పడున్న ఉత్తరాలు, గీతలు గీసిన ఒక పాత పుస్తకం. పెద్ద కొడుకు క్లెమాన్ సామ్యుయెల్ ఓపిగ్గా ఆ మార్జిన్ నోట్స్‌ను ఏరి, 1670లో డయోఫాంటస్ పుస్తకంతో కలిపి అచ్చేశారు. ఆ కొడుకు లేకపోతే ఫెర్మా చివరి సిద్ధాంతం గురించి లోకానికి తెలిసేదే కాదు. దాన్ని బ్రిటన్‌కు చెందిన ఆండ్రూ వైల్స్ నిరూపించి, 1995లో ప్రచురించారు.

ఫోన్‌లో ఫెర్మా

ఇక మన కాలానికి వద్దాం. బ్రౌజర్‌లో బ్యాంకు సైట్ తెరిస్తే తాళం గుర్తు కనిపిస్తుంది కదా. దాని వెనక చాలా సైట్లలో వాడేది ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు తయారుచేశారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి, వచ్చిన నంబర్‌ను అందరికీ చూపిస్తారు. ఆ రెండూ ఏవో మాత్రం దాస్తారు. వాటిని పట్టుకోగలిగినవాడి చేతికి తాళం చెవి దొరికినట్టే. అంటే మెర్సెన్ అడిగిన ప్రశ్నే ఇది. కాకపోతే ఇప్పుడు నంబర్‌లో 12 అంకెలు కాదు, సాధారణంగా 617 అంకెలు ఉంటాయి. ఆ తాళం తిరిగి సరిగ్గా తెరుచుకునేది కూడా ఫెర్మా చిన్న సిద్ధాంతం, దాన్ని ఆయిలర్ విస్తరించిన రూపం వల్లే.

ఇలాంటి నంబర్లను విడగొట్టే పోటీలూ జరిగాయి. 1977లో సవాల్‌గా పెట్టిన 129 అంకెల నంబర్ 1994లో విడిపోయింది. 250 అంకెల నంబర్‌ను 2020 ఫిబ్రవరిలో విడగొట్టారు. ఒకే కంప్యూటర్ కోర్ మీద చేస్తే దానికి దాదాపు 2700 ఏళ్లు పట్టేది. ఈ భారీ పద్ధతులన్నిటి గుండెలో ఉన్నది రెండు వర్గాల తేడా అనే ఆ పాత ఉపాయమే.

2022లో వచ్చింది అసలు షాక్. జర్మనీకి చెందిన సెక్యూరిటీ పరిశోధకుడు హానో బోక్ ఇంటర్నెట్‌లో వాడుకలో ఉన్న ఆర్‌ఎస్‌ఏ నంబర్లను పరీక్షిస్తుంటే, కొన్ని ప్రింటర్లు తయారుచేసుకున్న తాళాలు క్షణంలో తెరుచుకున్నాయి. సూపర్ కంప్యూటర్లు అక్కర్లేదు. జడ్జి గారి 1643 నాటి పద్ధతి చాలు. కారణం సింపుల్. వాటిలోని సాఫ్ట్‌వేర్ రెండు ప్రధాన సంఖ్యలను విడివిడిగా ఎంచుకోకుండా, ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండేవి ఎంచుకుంది. పైన గుర్తుపెట్టుకోమన్న షరతు ఇదే. కారణాంకాలు దగ్గరగా ఉంటే ఎన్ని వందల అంకెలున్నా ఫెర్మా ముందు నిలవవు. ఆ ప్రింటర్లకు తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇచ్చారు.

ఇక 65537. ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో అందరికీ కనిపించే భాగం ఒకటుంటుంది. దాదాపు ప్రతిచోటా దానికి వాడేది ఈ నంబరే. రెండులో రాస్తే రెండే ఒకట్లు, మిగతావన్నీ సున్నాలు కావడంతో కంప్యూటర్‌కు లెక్క తొందరగా అయిపోతుంది. ఫెర్మా వరసలో ఇప్పటిదాకా తెలిసిన చివరి ప్రధాన సంఖ్య అదే. దాని తర్వాత ఆయిలర్ పగలగొట్టిన నంబర్ మొదలుకుని వరసగా 28 నంబర్లను పరీక్షించారు. అన్నీ విడిపోయే నంబర్లేనని తేలింది. 29వది ఇంకా తేలలేదు. రాస్తే 258 కోట్ల అంకెలు దాటే ఆ నంబర్ ప్రధాన సంఖ్యో కాదో ఇప్పటికీ ఏ కంప్యూటరూ చెప్పలేకపోయింది.